"మా" అన్న మాటలో ఎవరున్నారు?

(కష్టకాలములో క్రైస్తవ ప్రార్థనను గూర్చి శతవార్షికోత్సవ కూటములలో ఒక సంఘ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను వేదాంత పండితుడను కాను. ముప్పది యేండ్లు పిల్లలకు అక్షరములు దిద్దించిన బడిపంతులును. "కష్టకాలములో ప్రార్థన" అనే అంశము నాకిచ్చినప్పుడు జంకాను. తుపానులో ఇల్లు పోగొట్టుకున్నవారు ఈ పందిరిలో ఉన్నారు. కరవుకు ఊరు విడిచి వలస పోయినవారున్నారు. పంట పోయి అప్పు మాత్రము మిగిలినవారున్నారు. వారికి ప్రార్థన నేర్పగలవాడను కాను. అయితే ప్రార్థనలో నేను చేసిన తప్పు ఒకటున్నది. ఆ తప్పును నాకు చూపించిన ఒక ముసలి తల్లి మాట ఉన్నది. ఆ రెండింటిని మీ ముందుంచి కూర్చుంటాను.

చాల సంవత్సరముల క్రిందట మా సంఘములో పాఠశాల స్థలమును గూర్చి తగవు పుట్టింది. పాస్టరేటు కమిటీ ఎన్నికలతో అది ముదిరింది. సంఘము రెండు వర్గములయింది. విషయము కోర్టుకెక్కింది. ఆదివారమున గుడిలో కుడి వైపున ఒక వర్గము, ఎడమ వైపున ఒక వర్గము కూర్చునేవారము. మన దక్షిణ ఇండియా సంఘపు ప్రభు భోజన క్రమములో సమాధానమును చేతితో అందించుకొనే ఆచారము ఉన్నది గదా. గురువు బల్ల యొద్దనుండి ఆరంభించిన ఆ సమాధానము ఒకరి చేతినుండి ఒకరి చేతికి గుడి అంతా వ్యాపించవలెను. మా గుడిలో అది నడి దారి దాకా వచ్చి ఆగిపోయేది. దారికి అటు వైపువారికి గురువు మళ్లీ వేరుగా ఇవ్వవలసి వచ్చేది. ఇట్లు నెలల తరబడి జరిగింది.

ఆ దినములలో మేము ప్రార్థన మానలేదు. నిజము చెప్పవలెనంటే, అంతకు ముందెన్నడు అంతగా ప్రార్థించలేదు. శుక్రవారము గృహకూడికలు, ఉపవాస ప్రార్థనలు, తెల్లవారుజాము ప్రార్థనలు చేశాము. దావీదు తన శత్రువులను గూర్చి మొరపెట్టిన కీర్తనలన్నిటిని వెదకి వెదకి చదివాము. ప్రభువా, వ్యాజ్యములో మాకు జయమిమ్ము, వారి నోళ్లు మూయించుము అని అడిగాము. దారికి అవతలివారు కూడ అదే దేవుని అదే మాటలతో అడుగుతున్నారని మాకు తెలుసు. అయినను మానలేదు.

ఒక శుక్రవారము మా ఇంట్లో కూడిక. మా వర్గములోనే ఉన్న ఒక అవ్వ ప్రార్థన చేసింది. చదువు రాదు. ప్రభువు నేర్పిన ప్రార్థన, విశ్వాస ప్రమాణము, రెండు మూడు కీర్తనలు, ఇంతే ఆమెకు కంఠతా వచ్చినవి. ఆమె అవతలి వర్గపు పెద్ద పేరు పెట్టి, ఆస్పత్రిలో ఉన్న అతని కూతురును బ్రతికించుమని ఏడ్చి ప్రార్థించింది. ఆమేన్ అనుటకు ఎవరికి నోరు రాలేదు. కూడిక అయిన తరువాత నేనే అడిగాను: "అవ్వా, వాళ్ల కోసమా?" ఆమె నా వైపు చూచి, "మా తండ్రీ అని గదా నాయనా మొదలుపెట్టేది. ఆ 'మా'లోనుంచి వాళ్లను తీసివేసి ఎట్లా అనేది? నాకు చేతగాలేదు" అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెలుగు చెప్పే పంతులును గనుక నా మనస్సు ఆ మాట చుట్టూ తిరిగింది. మన భాషలో "మన" అని ఒక మాట, "మా" అని ఒక మాట ఉన్నాయి. ఇంగ్లీషులో రెండింటికి ఒకటే మాట. వినేవారిని కలుపుకుంటే "మన" అంటాము, విడిచిపెడితే "మా" అంటాము. ఇంటికి వచ్చిన అతిథితో "ఇది మా ఇల్లు" అంటాము. తమ్ముడితో "ఇది మన ఇల్లు" అంటాము. కాబట్టి "మా" అనేది గిరి గీసే మాట. ఎదుటివారిని గిరికి అవతల నిలబెట్టే మాట. మా వర్గము, మా కులము, మా ఊరు అని ఈ మాటతోనే మనము కొట్లాడతాము.

అయితే ప్రార్థనలో జరిగేది చూడండి. అక్కడ మన ఎదుట ఉండి వినేవాడు దేవుడొక్కడే. గిరికి అవతల నిలిచేవాడు ఆయన ఒక్కడే. మిగిలినవారందరు గిరికి ఇవతలనే, నాతో కూడ మోకాళ్లమీద ఉన్నారు. మనుష్యుల మధ్య పొరుగువానిని వెళ్లగొట్టిన మాటయే దేవుని యెదుట పొరుగువానిని లోపలికి పిలిచే మాట అవుతున్నది. ప్రభువు నేర్పిన ప్రార్థనను మొదటినుండి చివరి వరకు చూడండి. "నా" అనిగాని "నాకు" అనిగాని ఒక్కసారి కూడ లేదు. తండ్రిని పిలిచినను, ఆహారమును అడిగినను, క్షమాపణను అడిగినను, కీడునుండి తప్పించుమని వేడినను అంతటను మా, మాకు, మమ్మును అనియే ఉన్నది. సుఖకాలములో ఈ మాటను ఆలోచించకుండనే పలుకుతాము. కష్టము వచ్చినప్పుడు మాత్రము అది లోలోపల చిన్నదైపోతుంది. ఆకలి వేసినప్పుడు "మా" అంటే నా పిల్లలు. తగవు వచ్చినప్పుడు "మా" అంటే నా వర్గము. ఎవరికి వారే యమునాతీరే. కష్టకాలములో సాతాను మనలను ప్రార్థన మాన్పించనక్కరలేదు. ఆ ఒక్క మాటను చిన్నది చేస్తే చాలును.

కష్టము చేత ఆ మాట చిన్నదైపోక పెద్దదయిన సందర్భములు రెండు చెప్పుతాను. ఒకటి ఆహారమును గూర్చినది, ఒకటి క్షమాపణను గూర్చినది.

మొదటిది మన తెలుగు దేశములోనిదే. ఒంగోలు పట్టణము పక్కన ఒక కొండ ఉన్నది. దానిని ప్రార్థన కొండ అంటారు. 1854 జనవరి 1వ తేదీన తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, వారితో కూడ ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము ఐదుగురు ఆ కొండమీద మోకరించారు. నెల్లూరులోని ఆ బాప్తిస్టు మిషనుకు అప్పటికి చెప్పుకొనదగిన ఫలము లేదు. దానిని మూసివేయుదమా అని అమెరికాలో చర్చలు జరిగిన దినములవి. క్రింద కనబడుతున్న పల్లెలను చూచి, ఈ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని వారడిగారు. జవాబు వచ్చుటకు పండ్రెండేండ్లు పట్టింది. 1866లో క్లౌ దొరగారు ఒంగోలు వచ్చారు. ఆయన మిషనరీ కాకముందు భూమి కొలిచే సర్వే పని నేర్చినవాడు. ఆ పని మిషనరీకి ఎందుకని ఆ కాలములో ఎవరైన అనుకొనియుండవచ్చును.

1876లో వానలు తప్పాయి. 1878 వరకు దక్షిణ భారతమును ఆ మహా కరవు పట్టి పీడించింది. లక్షలాది ప్రజలు చనిపోయారు. కరవు పనిలో మగవాని దినకూలిని ప్రభుత్వము ఒక పౌను ధాన్యము, ఒక అణా వరకు తగ్గించిన నెలలు 1877లో ఉన్నాయి. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఆ ధాన్యము తిని రోజంతా మట్టి త్రవ్వవలెను. ఆ సమయములో క్లౌగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఎన్నడో నేర్చిన సర్వే పని అప్పుడు అక్కరకు వచ్చింది. సువార్త చెప్పే తెలుగు ఉపదేశకులే కూలీలమీద మేస్త్రులయ్యారు. ఆకలితో వచ్చినవారిలో నీవు క్రైస్తవుడవా అని అడిగి పని ఇవ్వలేదు. పార పట్టగలవానికి పార ఇచ్చారు, తట్ట మోయగలవారికి తట్ట ఇచ్చారు. పని ఆపి సేద తీర్చుకొనే వేళ ఉపదేశకులు వారి మధ్య కూర్చుండి, ప్రయాసపడి భారము మోసేవారిని ప్రభువు తన యొద్దకు పిలిచిన మాటను చెప్పేవారు. మట్టి తట్ట దించి కూర్చున్నవానికి ఆ మాట ఎట్లు వినబడి ఉంటుందో ఆలోచించండి.

ఇంకొక సంగతి నన్ను మరి ఎక్కువగా కదిలించింది. బాప్తిస్మమిమ్మని అడిగినవారు ఎందరున్నను, కరవు సహాయము జరుగుతున్న నెలలలో క్లౌగారు ఇవ్వలేదు. అన్నము కోసము వచ్చారన్న మాట రాకూడదు, అన్నముతో ఆత్మలను కొన్నామన్న మాట అసలే రాకూడదు. సహాయము ముగిసిన తరువాతనే నీళ్లు తెరచుకున్నాయి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనము గర్వముగా చెప్పుకుంటాము. ఆ సంఖ్య వెనుక ఉన్న కాలువ గట్టును మరచిపోతాము. అనుదిన ఆహారమును మాకు దయచేయుమని ప్రార్థించినవారు, ఆ "మా"లో తమ సంఘము పేర్లే గాక కాలువ గట్టుమీదికి వచ్చిన ప్రతివానిని చేర్చారు. ప్రార్థించిన చేతులే పారలు పంచాయి.

ఇది పెద్దవారికే సాధ్యమని అనుకోకండి. మన తల్లులు పొయ్యిమీద ఎసరు పెట్టిన ప్రతిసారి ఒక పిడికెడు బియ్యము తీసి ప్రభువు కుండలో వేసి, ఆదివారమున గుడికి తెచ్చేవారు. ఇంట్లో అందరికి చాలినన్ని లేని దినములలో కూడ వేసేవారు. ఆ పిడికెడు "మా అన్నములో నీవు కూడ ఉన్నావు" అని ముఖము తెలియని ఒకనితో చెప్పిన మాట. అది నోటితో గాక చేతితో చేసిన ప్రార్థన.

రెండవది క్షమాపణ. ఆకలిలో ఇతరులను కలుపుకొనుట కష్టమే. మనకు హాని చేసినవానిని కలుపుకొనుట ఇంకను కష్టము. దీనికి ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణపు కథ నాకు గొప్ప పాఠము. రెండవ ప్రపంచ యుద్ధములో 1940 నవంబరు 14వ తేదీ రాత్రి జర్మను విమానములు ఆ పట్టణముమీద బాంబులు కురిపించాయి. ఐదు వందలకు పైగా ప్రజలు చనిపోయారు. శతాబ్దములనాటి కతీడ్రలు కాలిపోయి గోడలు మాత్రము మిగిలాయి. కాలిన దూలములు రెండు శిలువ ఆకారముగా కట్టి నిలబెట్టారు. కప్పునుండి రాలిన పాత మేకులతో ఇంకొక శిలువ చేశారు. ఆ కతీడ్రలు పెద్ద అయిన రిచర్డు హోవర్డుగారు, అదే సంవత్సరము క్రిస్మసు దినమున ఆ శిథిలములనుండి రేడియోలో మాట్లాడుతూ, పగ తీర్చుకొనే తలంపును విడిచిపెట్టుటకు ప్రయత్నిస్తున్నామని దేశమంతటికి చెప్పారు. పాడైన ఇండ్లలో శవములను వెదకి ఆరు వారములైనను కాలేదు. ఆ మాట అందరికి రుచించి ఉండదు.

యుద్ధము ముగిసిన తరువాత బలిపీఠము వెనుక గోడమీద రెండే మాటలు చెక్కించారు. ఒకటి తండ్రిని పిలిచే మాట, రెండవది క్షమించుమని వేడే మాట. శిలువమీద మన ప్రభువు పలికిన మాటలో "వీరిని" అని ఉన్నది గదా. గోడమీద ఆ "వీరిని" లేదు. ప్రభువు పాపము లేనివాడు గనుక ఆయన "వీరిని" అనవచ్చును. మనము అనజాలము. ఆ మాట అనిన వెంటనే తప్పంతయు వారిది, క్షమించే గొప్పతనము మనది అయిపోతుంది. ఇంగ్లండు విమానములు కూడ జర్మను పట్టణములను కాల్చాయి. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెను పట్టణములో సుమారు 25,000 మంది చనిపోయారు. కాబట్టి ఆ రెండు మాటల ప్రార్థన ఎవరిని విడిచిపెట్టలేదు.

ఆ ప్రార్థన గోడమీదనే ఉండిపోలేదు. 1961లో జర్మను యౌవనస్థులు కొందరు కోవెంట్రీకి వచ్చి శిథిలములలో పని చేశారు. 1965లో కోవెంట్రీనుండి యౌవనస్థులు డ్రెస్డెనుకు వెళ్లి, బాంబులకు పాడైన ఒక క్రైస్తవ ఆస్పత్రిని తిరిగి కట్టుటలో చేయి కలిపారు. ఇరవై యేండ్ల క్రిందట ఆ పట్టణముమీదికి వెళ్లినవి తమ దేశపు విమానములని ఆ పిల్లలకు తెలుసు. తెలిసే వెళ్లారు.

ఈ మాటలు చెప్పిన తరువాత నా కథ ముగించకపోతే నేను వేషధారిని అవుతాను. అవ్వ మాట విన్న తరువాత ఆ అవతలి పెద్ద పేరు పెట్టి ప్రార్థించుటకు ప్రయత్నించాను. మూడు వారములు ఆ పేరు నా నోటినుండి రాలేదు. "అందరిని దీవించుము" అని తప్పించుకున్నాను. తుదకు ఒక రాత్రి ఆ పేరు పలికాను. పలికిన వెంటనే వేరొకటి జ్ఞాపకము వచ్చింది. వ్యాజ్యములో నా పేరున దాఖలయిన అఫిడవిట్టులో ఒక మాట నిజము కాదు. నిజమని నమ్మి వ్రాసినది కాదు, మా వారికి పనికివస్తుందని వ్రాసినది. అన్ని ఉపవాస ప్రార్థనలలోను ఆ మాట నాకు ఒక్కసారి కూడ జ్ఞాపకము రాలేదు. శత్రువు కోసము ప్రార్థించిన మొదటి రాత్రియే వచ్చింది.

దానియేలు గ్రంథము తొమ్మిదవ అధ్యాయము అప్పుడు చదివాను. చెరలో ఉన్నవాడు, దోషము లేనివాడని పేరు పొందినవాడు దానియేలు. ఆయన ఉపవాసముండి చేసిన ప్రార్థనలో పాపము చేసినవారు "వారు" కారు, "మేము". నెహెమ్యా కూడ మొదటి అధ్యాయములో అదే విధముగా, నేనును నా తండ్రి ఇంటివారును పాపము చేశామని ఒప్పుకున్నాడు. కష్టకాలములో భక్తులు చేసిన ప్రార్థనలలో తప్పును అవతలివారిమీదికి నెట్టని ప్రార్థనలివి.

నేను వకీలుగారి యొద్దకు పోయి ఆ మాటను దిద్దించాను. మా వర్గమువారు నన్ను చాల కాలము క్షమించలేదు. ఆస్పత్రికి పోయి ఆ బిడ్డను చూచాను. ఆమె కోలుకున్నది, దేవునికి స్తోత్రము. తరువాత వచ్చిన ప్రభు భోజన ఆరాధనలో సమాధానము నా దాకా వచ్చినప్పుడు, నడి దారి దాటి ఆ పెద్ద యెదుట చేతులు చాచాను. ఆయన పట్టుకోలేదు. తల త్రిప్పుకున్నాడు. అందరు చూచారు. మరుసటి నెల మళ్లీ చాచాను. పట్టుకున్నాడు. వ్యాజ్యము ఆ తరువాత కూడ నాలుగేండ్లు నడచింది. ప్రార్థన చేసిన వెంటనే కాగితములు సర్దుకోలేదు. కాని గుడిలో సమాధానము ఇటునుండి అటు నడవసాగింది.

ఒక ప్రశ్న మీ మనస్సులో ఉంటుంది. ఇట్లు ప్రార్థిస్తే కష్టము తీరుతుందా? అపొస్తలుల కార్యములు పండ్రెండవ అధ్యాయమును చూడండి. ఒకే అధ్యాయము, ఒకే సంఘము, ఒకే రాజు. యాకోబు కత్తికి బలి అయ్యాడు. పేతురు చెరసాలనుండి విడుదల పొందాడు. యాకోబు కోసము సంఘము కన్నీరు కార్చలేదని ఎవరనగలరు? ఒకనికి తలుపు తెరచుకున్నది, ఒకనికి తెరచుకోలేదు. ఎందుకని వాక్యము చెప్పలేదు. నేను కూడ చెప్పను. తుపానులో బిడ్డను పోగొట్టుకున్న తల్లితో, నీ విశ్వాసము చాలలేదని అనేవాడు దేవుని పక్షమున మాట్లాడేవాడు కాడు. ఎనుబది ఎనిమిదవ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. దానిని కూడ దేవుడు తన గ్రంథములో ఉంచాడు. కాబట్టి ఏడ్చి అడుగుటకు, ఎందుకని నిలదీసి అడుగుటకు మనకు సెలవున్నది. అయితే యాకోబును పోగొట్టుకున్న ఆ సంఘము పేతురు కోసము తిరిగి కూడుకున్నది. ఒంటరిగా ఎవరి ఇంట్లో వారు ఏడ్వలేదు. కష్టము తీరినను తీరకపోయినను "మా" అనువారు మిగిలియున్నారు.

ప్రియులారా, మన అధ్యక్ష మండలమునకు నూరు సంవత్సరములు నిండాయి. ఎన్ని గుడులు, ఎన్ని బడులు, ఎన్ని ఆస్పత్రులని ఈ సంచికలో లెక్కలు వ్రాస్తారు. వ్రాయవలసినదే. వాటితో కూడ, మన ప్రార్థనలలోని "మా" నూరేండ్లలో పెరిగిందా, తరిగిందా అని మనలను మనము అడుగుదము. కులము పేరున విడి విడిగా కూర్చునే సంఘములు మనకు లేవా? ఎన్నికల తరువాత మాట్లాడుకొనని అన్నదమ్ములు లేరా? కోర్టులో కాగితములున్న పాస్టరేటులు లేవా? ఇట్టి చోట జరిగే ఉపవాస ప్రార్థనలు ఎంత బిగ్గరగా ఉన్నను, లూకా సువార్త పద్దెనిమిదవ అధ్యాయములోని పరిసయ్యుని ప్రార్థన కంటె ఎత్తు ఎగరవు.

కాబట్టి మీయందరిని ఒక్కటే వేడుకుంటాను. ఈ రాత్రి ఇంటికి వెళ్లి ప్రభువు ప్రార్థన చెప్పేటప్పుడు, మొదటి మాటలోని "మా" యొద్ద కొంచెము ఆగండి. ఎవరి పేరు అక్కడ పలుకుటకు మీకు ఇష్టము లేదో ఆ పేరు పలకండి. ఒక రాత్రిలో రాకపోతే మూడు వారములు ప్రయత్నించండి. ఆ పేరు వచ్చిన తరువాత మీకు ఏదైన జ్ఞాపకము వస్తే, దానిని దిద్దుకొనుటకు తెల్లవారగానే లేచి వెళ్లండి.

ఆ అవ్వ ఇప్పుడు ప్రభువునందు నిద్రించింది. ఆమె భూస్థాపన దినమున రెండు వర్గములవారు కలసి పెట్టెను మోశారు. ఆమె సమాధిమీద రాయి లేదు. ఆమె మాట మాత్రము నేను ప్రార్థనకు మోకరించిన ప్రతిసారి నాకంటె ముందు వచ్చి అక్కడ కూర్చుంటుంది.

మన తండ్రియైన దేవుడు రాబోవు నూరేండ్లలో మన "మా"ను పెద్దది చేయును గాక. ఆమేన్.